బయటి పట్టా

స్టోర్నోవే రేవు వెనక ఇనప సామాన్ల కొట్టులో
నాలుగు డోర్‌మ్యాట్లు నేల మీద పరిపించి
బూట్లు విప్పి
ఒక్కోదాని మీదా కాసేపు నిలబడ్డాను.
కొట్టు కుర్రాడు టోర్‌కిల్ నవ్వు ఆపుకున్నాడు.
నవ్వనీ.

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ దీవిలో ఉత్తరాలు పంచినదాన్ని.
చెప్పులరిగేలా తిరిగానంటే మాటవరసకు కాదు,
పదిహేడు జతలు, లెక్క రాసుకున్నాను.
ఎవరి ఇంట్లో ఏముందో నాకు తెలియదు,
ఎవరి గడప ముందు ఏముందో తెలుసు.

‘రండి’ అని అచ్చేసిన పట్టా గల ఆయన
పద్దెనిమిదేళ్ళలో తలుపు జానెడు మించి తీయలేదు.
మర్డీనా పట్టా కింద తాళంచెవి ఉంటుంది,
అది ఊరంతటికీ తెలుసని మర్డీనాకీ తెలుసు.
పాస్టరుగారిది ఎప్పుడూ కొత్తదే;
మాసిపోతుందని అందరూ పక్కనించి దాటేస్తారు.
చివరి ఇంటికి పట్టా లేదు, కుక్క ఉంది,
అక్కడ మాత్రం కాలికి బుద్ధి చెప్పేదాన్ని.

కెన్నా వాళ్ళింటి పట్టా ఆకుపచ్చది.
పడవ తిరిగిరాని వారం,
సంతకం పెట్టించుకోవలసిన కవరు పట్టుకెళ్ళాను.
బూట్లకు బురద లేదు. ఎండ కాసిన రోజు.
అయినా తుడుచుకుంటూ నిలబడ్డాను,
ఎడమది, కుడిది, మళ్ళీ ఎడమది,
ఆ ఆకుపచ్చ కాస్తా అరిగిపోతే
తలుపు కొట్టనక్కర్లేదన్నట్టు.

మరి మా ఇంటికా?
బంగాళాదుంపల గోనె, నాలుగు మడతలు.
వీధి తలుపు వాడేదెవరు గనక,
నాకొచ్చే ఉత్తరాలు నేనే జేబులో వేసుకుని
పెరటి దారిన వచ్చేదాన్ని.

సోమవారం నుంచి కొత్త కుర్రాడట.
నా గుమ్మానికి ఒకడు వస్తాడు, సంచీతో.

రబ్బరుది బాగానే ఉంది, నీళ్ళు చిల్లుల్లోంచి పోతాయి,
కానీ మంచు పేరితే పాదం దాని మాట వినదు.
పల్చటిది వద్దన్నాను,
ఫిబ్రవరి గాలి దాన్ని తీసుకెళ్ళి
పక్క ఊరి గొర్రెకు కప్పుతుంది.
ఇనప జాలీ పెద్ద ఇళ్ళకు.
నాలుగోది కొబ్బరిపీచు, చుట్టూ బరువైన నల్ల అంచు.
మేజోళ్ళలోంచి కూడా గుచ్చింది.
గట్టిగా చెట్టంటూ నిలవని దీవికి
ఏ ఎండలో కాసిన కాయ పీచో, ఇంత దూరం
ఊరి బురద గోకడానికొచ్చింది.
ఇదే, అన్నాను.

‘తలుపు కింద సందు ఎంత?’ అడిగాడు టోర్‌కిల్.
ఇన్ని తలుపులు చూసినదాన్ని, నా తలుపు కొలవలేదు.

అదే అయింది.
బయటికి తెరుచుకునే తుఫాను తలుపు
పట్టా అంచుకు కొట్టుకుని ఆగిపోయింది.
వెనక్కిచ్చేయొచ్చు, రశీదు ఉంది.
తలుపునే మడతబందుల నుంచి ఊడదీసి
అడుగున అర అంగుళం చిత్రిక పట్టాను.
వంటింటి నిండా చెక్క పొట్టు, పాత రంగు వాసన.
ఇప్పుడు ఆ సందులోంచి గాలి వస్తోంది.
రానీ.

సోమవారం పదిన్నర.
కంకర మీద అడుగులు. తలుపు వెనక నేను,
ఊపిరి కూడా బిగబట్టి, దొంగలాగా.
అడుగులు ఆగాయి.
బర్ర్. బర్ర్.
రెండు కాళ్ళూ తుడుచుకున్నాడు.
ఆ చప్పుడు ఎన్ని వేలసార్లు చేశానో,
లోపలినించి వినడం ఇదే మొదటిసారి.
ఎవరో వస్తున్నారని ఇల్లంతటికీ తెలిసిపోయే చప్పుడు.
కెన్నాకీ వినబడే ఉంటుంది. అంతసేపూ.

కరెంటు బిల్లు జారి లోపల పడింది.
తలుపు తీసేసరికి గేటు దాటిపోయాడు.

పట్టా మీద రెండు గోధుమరంగు ముద్రలు.
ఎడమది లోతుగా ఉంది.
సంచీ ఎప్పుడూ ఆ భుజానికే వేస్తున్నాడు, పిచ్చివాడు.
రేపు ఆపి చెప్పాలి,
మార్చి మార్చి వేసుకోమని.