ఏడో పేజీ

చిత్తూరు కోర్టు గేటుకెదురుగా నా జిరాక్సు అంగడి.
పాసుపుస్తకాలు, వాయిదా కాగితాలు, వారసత్వ సర్టిఫికెట్లు,
ఒక పక్క రూపాయి, రెండు పక్కలైతే రూపాయిన్నర.
నకలు అసలు మాదిరే ఉండాల.
నాకొచ్చిన విద్య అదొక్కటే.

ఆ పొద్దు దొరస్వామి సారు తెచ్చినవి వేరే కాగితాలు.
భూగోళం చెప్పి రిటైరైన అయ్యోరు,
ఒకే సంచిలో చింతపండూ పుస్తకాలూ మోసే మనిషి.
దామలచెరువు హేమాద్రి రాసిన వ్యాసాలంట,
నవలలు రాసే ఆయనంట.
ఇంకా పుట్టని యంత్రాల కథలెందుకు రాయాలో,
లేని ఊరికి దారి అడగడమెట్లాగో.
"అయిదు కాపీలు తియ్యి ఇంద్రాణీ,
చదివేవాళ్ళు అయిదుగురు తేలినారు ఈ ఊర్లో!"
ఆ గొంతులో లాటరీ తగిలిన సంబరం.

ఒకసారి చూసి అయిదుసార్లు అచ్చేసే మిషను నాది.
చూసేటప్పుడు లోపలి దీపం రెప్ప వాల్చినట్టుంది,
ఏడో పేజీ అయిదింట్లోనూ నల్లగా దిగింది
అమాస రేయిని కొలిచి కత్తిరించినట్టు.
నేను చూసుకునేసరికి
అసలు ప్రతి వేలూరు బస్సెక్కి
అరువిచ్చినోళ్ళ ఇంటికి పోయింది.

ఆరో పేజీ చివర:
'రేపటిని చూసొచ్చిన మనిషి ముందుగా చెప్పాల్సింది'
ఎనిమిదో పేజీ మొదట:
'అని అడిగింది పిల్ల, చెప్పులు వెతుక్కుంటా.'
నడాన ఏముందో దేవుడికెరుక,
వేలూరికెరుక.

డబ్బులు వాపసు ఇస్తానన్నా. ఎవురూ తీసుకోలా.
ఆదివారాలు, కోర్టు మూసినంక,
నా అంగడి అరుగు మీద కాపీలు మార్చుకుంటా వచ్చినారు.

బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు రెడ్డెప్ప
నలుపు మీద బ్లేడుతో గీకినాడు:
'తోతాపురి టెంకల గుట్ట ఒకనాడు నోరు తెరిచి
మా తోట యాడ అని అడిగితే?'
ఆస్పత్రి నర్సు ఖుర్షీదు తెల్లసిరాతో రాసింది:
'జ్వరాన్నే కాదు, భయాన్ని కూడా డిగ్రీల్లో చూపే గాజుగొట్టం.
నూటరెండు దాటితే చెయ్యి పట్టుకోవాల.'
వకీలు గుమాస్తా చెంగల్రాయుడికి అన్నీ ఎగతాళే:
'మూడొందల ఏండ్ల తర్వాత, చంద్రుడి మీద కోర్టు.
మా కేసు మాత్రం వాయిదా.'
గడంకి రాడారు కాడ కాపలా మునిస్వామి
చాక్‌పీసుతో రెండే ముక్కలు:
'పైన గాలి నడస్తా ఉంది. కాళ్ళు కనపళ్ళా.'
పదో తరగతి హారతి ఏమీ రాయలా,
సూదితో కాగితమంతా పొడిచి
ట్యూబులైటుకడ్డంగా పట్టుకునింది.
కాసేపెవురూ మాట్లాడలా.

శ్రావణంలో దొరస్వామి సారు
వేలూరు నుంచి అసలు ఏడో పేజీ తెచ్చినాడు.
చదివినాం.
నిజం చెప్తా, ఆయన రాసిందే బాగుండాది.
రేపటిని చూసొచ్చిన తాత నోరు తెరవకముందే
ఆ పిల్ల అడుగుతుంది, 'అక్కడ వానొచ్చిందా?' అని.
రెడ్డెప్ప తల గోక్కున్నాడు.
"ఇంత చిన్న మాటా!" అని ఖుర్షీదు
రెండుసార్లు చదివింది.

అయినా నల్ల కాగితం ఎవురూ పారెయ్యలా.
ఏడు తర్వాత ఇంకో ఏడు పెట్టి
పిన్ను కొట్టించుకుని పోయినారు.
గుమాస్తా మాత్రం రెంటి మీదా
'అసలుకు సరి అయిన నకలు' ముద్ర గుద్దుకున్నాడు.

వాళ్ళు పోయినంక షట్టరు సగం దించి
మిషను మూత తెరిచినా.
అద్దం మీద ఏమీ పెట్టలా.
ఇరవై రెండేండ్లలో మొదటిసారి
అసలు లేని నకలుకు బటను నొక్కినా.
నల్లగా, వేడిగా, చేతిలోకి వచ్చింది.
రూపాయి తీసి గల్లాలో నేనే వేసి
ముగ్గుపిండి డబ్బా యాడ పెట్టినానో
వెతకతా ఉండా.