నా మంచికేనట

ఐజ బస్టాండు ఎనక, ఎరువుల దుకాణం పక్క సందుల
రేకుల గది ముంగట కొత్త బోర్డు పెట్టిన్రు:
తల్లి మేలు కేంద్రం.
గులాబీ రంగు అచ్చరాలు. కింద ఒక బొమ్మ,
తలొంచుకొని ఏడుస్తున్న ఆడమనిషి.
ఆమె చేతికి గాజులున్నయి గని
గోర్ల కింద పసుపు లేదు.
మాకుంటది.
సీడు పత్తిల మొగ్గలు గిల్లీ గిల్లీ
పండుగనాడు రుద్దినా పోదు.

సువర్చల మేడం కుర్సీ జరిపి కూసోమన్నది.
నీళ్లిచ్చింది. సల్లటి నీళ్లు, గాజు గిలాసల.
అబద్ధమెందుకు, నాతోని అంత నెమ్మదిగ
పెండ్లయినంక ఎవ్వరూ మాట్లాడలే.

"పాపమని మేం అంటలేం జమ్ములమ్మా,
ఆ మాటలు పాతబడ్డయి.
మా రందంతా నీ గురించే.
తీయించుకున్నోళ్లకు నిద్ర పట్టదు,
గుండె దడొస్తది,
పదేండ్లకైనా ఒకనాడు యాదికొచ్చి కుములుతరు.
నిన్నెవరో బలవంతం చేస్తున్నరు, నాకెరుకే.
నిన్ను కాపాడనీకే మేమున్నం."

బలవంతమా?
మద్దిలేటికి ఇంకా చెప్పనే లేదు.
చెప్తే ఉంచుకోమంటడు.
వద్దన్న మాట నా నోట్లకెళ్లి
మొదటిసారి బయటపడ్డది ఈమె ముంగటనే,
దాన్ని గూడ వేరేటోళ్ల మాటని తీసేసింది.

కాయిదమిచ్చింది, మూడు మడతలది.
ఏడు దాకా చదువుకున్న, నడుచుకుంటనే చదివిన.
నా నిద్ర ఉన్నది అండ్ల, నా గుండె ఉన్నది,
నా కన్నీళ్లు ఎన్నేండ్లు కారుతయో లెక్క గూడ ఉన్నది.
నేనే కనపడలే.

నిద్రనా మేడం?
కోడి కూయకముందే ట్రాలీ ఆటోల పద్నాలుగు మందిమి
ఒకరి భుజం మీద ఒకరం పోయేదే మా నిద్ర.
గుండె దడనా?
చిన్నోడు పుట్టినప్పుడు నా రక్తం ఆరు గ్రాములు.
కర్నూలు దవాఖాన వరండల చాప మీద పండుకుంటే
దడ దానంతటదే కొట్టుకున్నది,
నా రంది వెట్టుకొని ఎవ్వరూ రాలే.
మందు కొట్టిన తెల్లారే చేన్లకు దింపుతరు మమ్మల్ని.
కండ్లు మండుతయి, నెల తప్పుతది, ఒక్కోపారి
నిలవాలనుకున్నది గూడ నిలవదు.
దానికి మూడు మడతల కాయిదం
ఎవ్వరూ అచ్చెయ్యలే.

ఇవేవీ అనలే నేను.
నీళ్లు తాగి, గిలాస బోర్లించి వచ్చిన.

సబ్ సెంటర్ల ఈదమ్మ సిస్టరు
బీపీ పట్టీ చుట్టుకుంట ఒకటే అడిగింది:
"నీకేం గావాలె?"
జవాబు చెప్పనీకి శానా సేపు వట్టింది.
తెలువక కాదు.
ఆ ప్రశ్నకు నా నోరు అలవాటు లేదు.

గద్వాలల అయిపోయింది.
ఏడ్చిన, దాసుడెందుకు.
ఒకనాడు ఉల్లిగడ్డ కోసుకుంట, ఉల్లిగడ్డ మీద వెట్టి.
మా బోరు ఎండిపోయి మూత పెట్టిననాడు గూడ
అట్లనే ఏడ్చిన,
మళ్ల తవ్వుమని కాదు.

మూడోనాడు నిద్ర పట్టింది.
మద్దిలేటి లేపి లేపి యాష్టపడి
జొన్నరొట్టె తనే కాల్చుకున్నడు, మాడగొట్టుకున్నడు.

మొన్న మొగ్గల సాలుల నర్సింగమ్మ
దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది,
ఆ గులాబీ బోర్డు కాడ ఏమిస్తరని.
ఎండ నెత్తి మీద ఉండె.
నీళ్లిస్తరన్న, సల్లగుంటయి.
తాగు. గిలాస ఆడనే పెట్టిరా.