ఎర్రచుక్క

మలక్‌పేట ఆసుపత్రిలో
పాత బిల్డింగు మొదటి అంతస్తు
కొత్త బిల్డింగులో రెండోది.
మధ్యలో ఒక ర్యాంపు.
ఆ ఒక్క ర్యాంపు గీయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

మొదట ఉత్తరం పైకి పెట్టి గీశాను,
బడిలో నేర్పినట్టు.
లిఫ్టు పక్కన స్టూలేసుకుని కూర్చునే లింబాద్రి
చాలాసేపు చూసి,
"ఉత్తరం ఎవలికి గావాలె మేడం,
ఎక్స్‌రే ఎటున్నదో జెప్పున్రి" అన్నాడు.
ఆ రాత్రి ఆసుపత్రినంతా పట్టుకుని తిప్పాను.
తెర ముందు నిలబడ్డ మనిషి
ముఖం ఎటుంటే అటే పైన.

గుండె విభాగానికి గుండె బొమ్మ వేస్తే
ప్రేమపెళ్లిళ్ల ఆఫీసా అని నవ్వింది
ఓపీ చీటీలు రాసే నస్రీన్.
ఉర్దూ పేర్లన్నీ ఆమే సరిదిద్దింది.
అక్షరాలు కుడి నుంచి వస్తాయి కదా,
బాణాలు కూడా తిప్పాలా అని అడిగాను.
"ఎడమ ఎడమే మేడం, ఏ భాషలోనైనా."

చక్రాల కుర్చీలోంచి ఒకాయన చెయ్యి
ప్రసూతి వార్డు దాకా వచ్చి ఆగిపోయింది.
ఆయనకు కావాల్సిన డయాలసిస్
ఇంకో జానెడు పైన.
మర్నాడు మీటలన్నీ కిందికి దించాం.
ఆయన మళ్లీ కనబడలేదు.

మార్చురీ పేరు వద్దన్నారు పైవాళ్లు.
పటంలో అక్కడొక బూడిదరంగు గది,
తలుపు కూడా గీయలేదు.
దానికి దారి లింబాద్రినే అడుగుతారు,
గొంతు తగ్గించి.
అతను వేలు చూపించడు.
స్టూలు మీంచి లేచి వెంట నడుస్తాడు.
కాసేపు లిఫ్టు ఎవరికీ రాదు,
ఎవరూ తిట్టరు.

వారం గడిచాక తెర ఆర్పేసి
పక్కనుంచి టార్చి వేసి చూశాను.
నల్లటి అద్దం నిండా వేలిముద్రలు:
కొబ్బరినూనె, పసుపు,
ఇడ్లీ పొట్లం విప్పిన చేతి జిడ్డు,
ఒక పిల్లాడి అరచెయ్యి పూర్తిగా.
అన్నిటికంటే మసకబారింది
ఓపీ కాదు, మందుల కౌంటరూ కాదు,
"మీరు ఇక్కడ ఉన్నారు" అనే ఎర్రచుక్క.

అది మీట కాదు.
నొక్కితే ఏమీ జరగకూడదని
నేనే రాసిపెట్టాను.
అయినా అన్ని వేళ్లు,
దాన్నే,
కొన్ని రెండేసి మూడేసి సార్లు.

నొక్కితే ఏం చూపిద్దామని
సోమవారం మీటింగులో అడిగారు.
దగ్గర్లోని బాత్రూము, అన్నారొకరు.
సర్వే చేద్దాం, అన్నారింకొకరు.
లింబాద్రి ఎక్కడున్నాడో చూపిద్దామన్నాను.
అందరూ నవ్వారు,
టీ తెచ్చిన కుర్రాడు తప్ప.

ఫైలులో మాత్రం
లిఫ్టు పక్కన గుండ్రంగా
ఒక స్టూలు గీసి పెట్టాను,
స్కేలు ప్రకారమే.