ద్వివచనం

నాలుగు నెలలు కదలని పొగమంచు
రాత్రికి రాత్రే చెప్పకుండా వెళ్లిపోయింది.
ల్యుబ్ల్యానాలో ఈ శనివారం
ఏటి ఒడ్డు పొడుగునా కుర్చీలే.
విప్పిన కోటు ఏ చేతిమీద వేసుకోవాలో
ఎవరికీ గుర్తు లేదు.

సంతలో పాల యంత్రం ముందు వరసలో ఉన్నాం.
హిమేనా సీసా పెట్టింది, నాణెం వేసింది,
మూత తీయడం మరిచింది.
బూట్ల నిండా పాలు!
కోజో నవ్వీ నవ్వీ సైకిలు వదిలేశాడు.
అది తిన్నగా పోయి
తోంచ్కా అవ్వ ముల్లంగి గంపలో పడింది.

హిమేనా కాళ్లు కడుక్కోవడానికి పంపు వెతుక్కుంటూ పోయింది.
దొర్లినవన్నీ ఏరి గంపకెత్తి
"తప్పయింది, వెళ్తాం" అన్నాను
వచ్చీరాని స్లొవీన్‌లో.

అవ్వ కళ్లజోడు పైకి తోసింది.
"ఎందరు మీరు?"
"ఇద్దరం."
"ఇద్దరికి వేరే మాట ఉంది. గ్రెమో కాదు, గ్రెవా."

బళ్లో సంస్కృతం మాస్టారు
బెత్తం విరిగేదాకా చెప్పినా ఎక్కని ద్వివచనం
ముల్లంగి కట్టతో భుజం మీద ఒక్కటి తగిలితే
ఎక్కేసింది.

చిల్లర బదులు గుప్పెడు చేదాకు చేతిలో కుక్కింది,
ఉడికించిన బంగాళాదుంపల్లో కలుపుకోమని.
ఇంతలో హిమేనా వచ్చింది, ఉత్తికాళ్లతో,
బూట్లు మెడలో వేసుకుని.
ముగ్గురమయ్యాం, క్రియ మళ్లీ మారింది.

మధ్యాహ్నం గంటలు కొట్టారు.
అవ్వ గంప మీద గుడ్డ కప్పి, నడుం పట్టుకుని లేచి,
ఎండ పడుతున్న కాఫీ బల్లల వైపు చూస్తూ
"గ్రెమో" అంది.

ఎవరెవరమో చెప్పలేదు.
ఆ మాటలో మేముకీ మనంకీ మధ్య గోడ లేదు.
నేను మాత్రం, ఆమె మనసు మార్చుకునేలోగా,
మనం అనే విన్నాను.

పాలవాసన బూట్లు ముందు నడుస్తున్నాయి.