గంటకి ఎంత?

మొదటాయన గంటకి నూట అరవై డాలర్లన్నాడు.
ఫోన్లో అతని వెనక కాఫీ గింజలు నలుగుతున్న చప్పుడు.
ఆస్పత్రి లాండ్రీలో నా గంట పంతొమ్మిది.
రాత్రంతా దుప్పట్లు ఉతికి మడిస్తే
అతని ఒక్క గంటకి ఇంకా ఎనిమిది డాలర్లు తక్కువ.

రెండో ఆవిడ ముందు నమూనా పరీక్ష పెట్టింది.
నూట నలభై ఒకటి.
"లా స్కూలు ఎక్కడికీ పోదు, ఇంకో ఏడాది ఆగండి" అంది,
విరిగిన పాలు వాసన చూసి
మూత పెట్టినంత నెమ్మదిగా.

మూడోవాడు, గడ్డం ఇంకా పూర్తిగా మొలవని కుర్రాడు,
మిమ్మల్ని మీరు నమ్మండి చాలన్నాడు.
ముప్పై ఎనిమిదేళ్లుగా నా దగ్గరున్నది అదొక్కటే,
ఇంకేమైనా దొరుకుతుందేమోనని కదా అడిగాను.

పన్నెండో నంబరు బస్సు, మంచు బురద, తెల్లవారుజాము.
ఒళ్లో పుస్తకం, చేతుల్లో బ్లీచ్ వాసన.
వెనక సీట్లోంచి ఒక వంకర వేలు
నా భుజం మీదుగా వచ్చి పేజీ మీద వాలింది:
"సి కాదు."
ఎందుక్కాదు?
"అది నిజమే. కానీ అడిగింది అది కాదు."

ఆమె పేరు ఆల్డోనా.
తాతలు లిథువేనియా నుంచి జోళ్లు కుట్టడానికి
ఈ బ్రాక్టన్‌కి వచ్చారట.
ఫ్యాక్టరీలు పోయాయి, ఇంటిపేరు సరిగ్గా పలికేవాళ్లూ పోయారు.
"నేనా పరీక్ష ఎప్పుడూ రాయలేదు.
కోర్టులో ముప్పయ్యొక్కేళ్లు
లాయర్లు అన్న ప్రతి మాటా టైపు చేశాను.
అనకుండా దాటేసింది ఎక్కడో
నా వేళ్లకి తెలిసిపోయేది."

గంటకి ఎంత?
"పదిహేను. ఊరికే చెబితే ఆలస్యంగా వస్తావు.
ఇంకోటి. ఆ అంచులకి రబ్బరున్న దుప్పటి
మడతపెట్టడం ఈ జన్మలో నాకు రాలేదు. అది నేర్పు."

మంగళవారాలు. ఆమె వంటింటి బల్ల,
బీట్‌రూట్ మరకల గుడ్డ.
"భుజం తడుముకున్న ప్రతివాడూ గుమ్మడికాయల దొంగేనా?
చీమ కుట్టి ఉండొచ్చుగా.
నిప్పు లేనిదే పొగ రాదు, సరే.
ముందు అది పొగేనా?"
కిటికీ బయట మ్యాన్‌హోల్ మూతలోంచి
తెల్లగా లేస్తోంది ఆవిరి.
పదేళ్లుగా దాన్ని దాటి నడుస్తున్నాను,
ఒక్కసారీ అడగలేదు.

నూట నలభై ఆరు. నూట నలభై నాలుగు.
ఆ వారం ఆమె నాతో మాట్లాడలేదు, టీ మాత్రం పోసింది.
నూట యాభై.

మార్చిలో మా జెసుయినా అత్తకి ఇంటి ఓనరు ఉత్తరం:
మీ కిటికీలోంచి పొగ రావడం చూశాం,
కాబట్టి లోపల సిగరెట్లు తాగుతున్నారు,
కాబట్టి ముప్పై రోజుల్లో ఖాళీ చేయాలి.
అత్తకి ఇంగ్లీషు రాదు. చిన్నప్పట్నుంచీ
ఇలాంటివన్నీ నేనే క్రియోలులో చదివి చెబుతాను,
గొంతు తగ్గించి, తప్పు మాదే అన్నట్టు.
ఈసారి మొదటి 'కాబట్టి' దగ్గర ఆగిపోయాను.
ఆదివారం ఈ ఇంట్లో కచుపా కుండ
మొక్కజొన్నతో, చిక్కుడు గింజలతో మూడు గంటలు ఉడుకుతుంది.
మూత తీస్తే కిటికీ అద్దాలకి చెమట.
పెన్సిలుతో ఆ రెండు వాక్యాల మధ్య
చిన్న గీత గీశాను.
"ఏమైంది జుల్మీరా, చదవవేం?" అంది అత్త.
"చదువుతున్నా" అన్నాను.

గీత గీస్తే కేసు గెలిచినట్టు కాదు.
వాయిదా ఏప్రిల్ పధ్నాలుగు.
పరీక్షా ఆ వారంలోనే.
ఆల్డోనా ఉత్తరం రెండుసార్లు చదివి
కళ్లజోడు తీసి, "రెండో కాబట్టి కూడా చూడు" అంది.
ఆపైన లేచి దుప్పటి తెచ్చింది.
మూడు మూలలు ఒకదాంట్లో ఒకటి దూరాయి.
నాలుగోది ఆమె వంకర వేళ్ల మధ్యనుంచి
చేపలా జారిపోయింది.
"మళ్లీ" అన్నాను,
ఆమె నాతో అనేట్టే.