నది ఎత్తు

పలకరాళ్ళ దారి బూట్ల కింద గలగలమంటోంది.
మోజెల్ ఎక్కడో కింద, ద్రాక్షతీగల సందుల్లో
తళుక్కుమని మళ్ళీ మాయం.
"ఇంకెంత దూరం?" యెట్టె అడగడం ఇది తొమ్మిదోసారి.
బుడ్డోడు నా మెడ మీదే నిద్రపోయాడు,
చొంగ నా చెవి వెనక చల్లగా.
ఆల్ముట్ మలుపుకొక ఎండు ఆపిల్ ముక్క
లంచమిస్తూ నడిపిస్తోంది మమ్మల్ని.

దిగితే ఊరు. కొయ్యచట్రాల ఇళ్ళు
ఒకదాని భుజాన ఒకటి వాలి.
చర్చి గోడ మీద గీతలు, పక్కన సంవత్సరాలు:
వరద ఎందాకా వచ్చిందో.

యెట్టె బూట్లు విప్పి, మడమలు గోడకానించి,
పుట్టినరోజున వంటింటి తలుపు దగ్గర నిలబడ్డట్టే
ఊపిరి బిగబట్టి నిలబడింది.
"నాన్నా, నది నాకంటే నాలుగు వేళ్ళు పొడుగు!"

ఆ గీత దగ్గరే వేలాడుతోంది
నిద్రలో ఉన్నవాడి మేజోడు.
ఎందుకో, ఆ పాదం కాస్త పైకి లాక్కున్నాను.