ఇంటిపేరు రెండొందల యాభై నాలుగు

రాత్రికి ఒక్కసారి కబురొస్తుంది కొండ మీంచి.
మూడు రాత్రులుగా మంచుసరస్సు నూట ఇరవై నాలుగే.
బిష్కెక్‌లో నా తెర మీద గీత
కదలక మెదలక, బుద్ధిమంతురాలిలా.

నాలుగోనాడు తొక్తొసున్ ఫోన్ చేశాడు.
"పెరిజాత్, మీ పెట్టె ఏమంటోంది?"
"నూట ఇరవై నాలుగు సెంటీమీటర్లు."
"నా ఎర్ర రాయి మునిగి రెండు రోజులైంది."
అంతే, పెట్టేశాడు.

జీపులో ఆరు గంటలు, గుర్రం మీద మూడు.
రేకు గుడిసె. అందులో అరచేయంత బోర్డు,
సౌర పలక నుంచి దిగిన తీగ,
నత్తి నత్తిగా మాట్లాడే సీరియల్ కేబుల్.
కొంకర్లు పోయిన వేళ్ళతో
సంకేతపదం రెండుసార్లు తప్పు కొట్టాను.

డ్రైవర్ ఉంది, మెలకువగానే ఉంది.
నీళ్ళలో గొట్టం తెగలేదు.
డెవ్ సంచిలో 'సరస్సు' అన్న ఫైలూ ఉంది,
రెండేళ్ళ కిందట నా చేత్తో నేను చేసి పెట్టిందే.

ఫైలంటాం గానీ అందులో ఏమీ ఉండదు.
తెరిస్తే కాగితం కాదు, గుమ్మం.
బరువు రాయాల్సిన చోట
కామా పెట్టి రెండు అంకెలు:
మొదటిది ఇంటిపేరు, రెండోది పిలుపు పేరు.
గుమ్మం మీద మనం ఏం రాసుకున్నామో
కెర్నెల్ చదవదు.
ఇంటిపేరు చూస్తుంది, ఆ ఇంటివాళ్ళని లేపుతుంది.

254, 0.
ఆనాడు 254 సరస్సు వాళ్ళదే.
నాలుగు రోజుల కిందట, టీ తాగుతూ,
కూర్చున్న చోటి నుంచే కెర్నెల్ మార్చాను.
కొత్తది లేచి
ఖాళీ అంకెలు పై నుంచి కిందికి పంచింది,
ముందొచ్చినవాడికి ముందు.
ముందొచ్చింది బ్యాటరీని చూసుకునే డ్రైవర్.
254 దానికి పోయింది. సరస్సుకి 253.
అది చెప్పలేదు. నేను అడగలేదు.
ఫ్లాష్ మీద నా పాత గుమ్మం మాత్రం
అదే పేరు పెట్టుకుని అలాగే నిలబడింది.
బయట కస్తూరి, లోపల గబ్బిలాలు.

నూట ఇరవై నాలుగు
నీటి లోతు కాదు.
పన్నెండు పాయింట్ నాలుగు వోల్టులు.
బ్యాటరీ నిండుగా ఉంది, హాయిగా ఉంది,
రాత్రి రాత్రీ అదే మాట చెబుతోంది,
నేను దాన్ని సరస్సు క్షేమసమాచారం అనుకుంటున్నాను.

పాత గుమ్మం పీకేశాను.
ప్రాక్ జాబితాలో ఇవాళ్టి ఇంటిపేరు చదివి
కొత్తది కట్టాను.
253, 0.
తెరిచాను.
నూట అరవై ఎనిమిది.

అరవై దాటితే మోగాల్సిన సైరన్
ఆలస్యంగా, గొంతు పట్టినట్టు మోగింది.
కింద లోయలో నలభై ఇళ్ళు.
గొర్రెలు ఒక గట్టుకి, పిల్లలు ఇంకో గట్టుకి,
ఎవరిదో సమోవార్ గుర్రం మీద ఊగుతూ.

రాత్రంతా గుడిసెలోనే ఉండి
బోర్డు లేచిన ప్రతిసారీ తనే అంకె కనుక్కుని
తనే గుమ్మం కట్టుకునేలా పదకొండు వరుసలు రాశాను.
తొక్తొసున్ పక్కనే కూర్చుని అడిగాడు,
"ఏడు తరాల తాతల పేర్లు రానివాణ్ణి
మావాళ్ళు మనిషి కింద లెక్కెయ్యరు.
దీని ఇంటిపేరు పూటకోటి మారుతుందా?"
"మారొచ్చు, ఆతా."
"మరి అడగకుండా ఎలా నమ్మావు?"
కేబుల్ చుట్ట చుట్టాను, విప్పాను, మళ్ళీ చుట్టాను.

తెల్లారేసరికి నీరు పాత కాలువ వెతుక్కుంది.
నూట అరవై. నూట యాభై రెండు.
కట్ట తెగలేదు.

గుర్రానికి జీను కడుతుంటే చూశాను,
ఎర్ర రంగు డబ్బా పట్టుకుని ముసలాయన
మూరెడు పైనున్న ఇంకో రాయికి పూత పూస్తున్నాడు.
"ఇప్పుడు పెట్టె నిజమే చెబుతుంది కదా" అన్నాను.
"చెప్పనీ" అన్నాడు,
"ఇది నేను తడిమి చూసుకునేది."

టోపీకి అంటిన రంగు
గుర్రం దిగాక గాని చూసుకోలేదు.